చిన్నపిల్లలున్న ఇంట్లో నిల్వ నీళ్లు, పల్లీలు, పురుగుమందులు

నల్లా నీళ్లు రోజంతా రాని ఊళ్లలో, అది నల్లగొండ అయినా పాలమూరు అయినా, ప్రతి ఇంట్లోనూ సంపో, హౌజో, గోలెమో ఎప్పుడూ నిండి ఉంటుంది. నడక వచ్చిన నాటి నుంచి నాలుగేళ్లు నిండేదాకా పిల్లల విషయంలో నేను అన్నింటికంటే ముందుగా భయపడేది ఈ నిల్వ నీళ్లకే. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువుగా ఉంటుంది కనుక, బకెట్‌లోకి తొంగిచూస్తూ తలకిందులుగా పడిన బిడ్డ తనంతట తాను లేవలేదు. జానెడు లోతు నీళ్లు కూడా ప్రాణం తీయగలవు. మునిగిపోతున్న బిడ్డ చాలాసార్లు కేక కూడా వేయలేదు కాబట్టి, పక్క గదిలో ఉన్నవారికి ఏ చప్పుడూ వినిపించదు.

స్నానం కాగానే బకెట్‌ను బోర్లించాలి. సంపుకు గొళ్లెం, తాళం ఉన్న ఇనుప మూత పెట్టించాలి. మోటారు వేసినప్పుడో, ట్యాంకరు వచ్చినప్పుడో మూత తీసి పనిలో పడిపోతాం. నీళ్లు నిండి మూత పడేదాకా పెద్దవారొకరు అక్కడి నుంచి కదలకూడదు. పెళ్లిళ్లకు, బోనాలకు ఇల్లు చుట్టాలతో నిండినప్పుడు పిల్లలను ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. అందుకే ఏ సమయంలో ఎవరు చూడాలో పేరు పెట్టి అప్పగించడం మేలు.

నీళ్లలోంచి తీసిన బిడ్డను తలకిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కడం మన దగ్గర ఇంకా కనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, వెంటనే నోటితో ఊపిరి అందించాలి. కదలిక లేకపోతే ఛాతీపై 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊపిరి ఇస్తూ, 108 వచ్చేదాకా ఆపకూడదు.

పాలమూరు ఇళ్లలో పల్లీలకు కొదవ ఉండదు. నాలుగేళ్లలోపు పిల్లలకు వాటిని గింజలుగా ఇవ్వకుండా పొడి చేసి పెట్టాలి. గొంతులో అడ్డుపడినా బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. దగ్గు, ఏడుపు ఆగిపోతే, ఏడాదిలోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య 5 దెబ్బలు వేయాలి. తర్వాత వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య 5 సార్లు నొక్కాలి. కనిపించని గింజ కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది.

పత్తి చేనుకు తెచ్చిన మందును కూల్‌డ్రింక్ సీసాలో ఎన్నడూ పోయకూడదు. దాన్ని అసలు డబ్బాలోనే ఉంచి, తాళం వేసి పెట్టాలి. బిడ్డ తాగినట్టు అనుమానం వచ్చినా ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి. మందు తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, ఆ డబ్బాను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి, ఎందుకంటే ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలరు.

ఇక చేను దగ్గర ఎండిపోయిన బోరు. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వదిలేసిన బోరుబావిని అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. గోనెసంచి కప్పి, పైన బండ పెట్టి వదిలేయడం పూడ్చినట్టు కాదు.