ఘాటీ ఎక్కాల్సిన కారు: సీసీ, పవర్, గేర్‌బాక్స్ ఎలా పోల్చి చూడాలి?

సాలూరులో పెళ్లి చూసుకుని ఒడిశాలోని మా జైపూర్ తిరిగొస్తున్నాం. కారులో అయిదుగురం, డిక్కీ నిండా సామాను, జూన్ ఎండ, ఏసీ ఫుల్లు. సుంకి ఘాటీలో ముందు ఒక లారీ. మలుపు తిరిగి మూడో గేరులో తొక్కితే బండి గుర్రుమంటుందే గానీ కదలదు. వెనక సీట్లోంచి మా బావమరిది, ‘ఏటి బావా, ఏసీ కట్టేద్దామా?’ అన్నాడు. కట్టేశాం. అద్దాలు దించుకుని, ఆ లారీ పొగ పీలుస్తూ పొట్టంగి దాకా వచ్చాం.

ఆ కారు కొన్నది బ్రోచరులో పవర్ అంకె పెద్దగా ఉందని. కోరాపుట్, సునాబేడ, దమన్‌జోడి వైపు ఉండి ఏటా నాలుగుసార్లు కిందికి దిగి ఎక్కేవాళ్లు ఆ ఒక్క అంకె చూసి కొనకూడదు. ఏం చూడాలో వరసగా చెప్తాను.

1. సీసీ చూడండి, అక్కడే ఆగకండి

సీసీ అంటే సిలిండర్లలో గాలీ ఇంధనమూ పట్టే జాగా. 1,000 సీసీ అంటే ఒక లీటరు. మన దగ్గర చాలా పెట్రోలు కార్లు 1,197, 1,199 దగ్గర, డీజిల్‌వి 1,493, 1,497 దగ్గర ఆగడానికి కారణం పన్ను. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1,200, డీజిలైతే 1,500 సీసీ దాటకపోతే చిన్న కారు కింద లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికి జీఎస్‌టీ 18 శాతం, మిగతావాటికి 40 శాతం.

సీసీ ఎక్కువైతే బలం ఎక్కువనే లెక్క ఇప్పుడు చెల్లదు. టర్బో ఉంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపుతుంది కాబట్టి చిన్న ఇంజిన్ పెద్దదాన్ని దాటిపోతుంది. మనలాంటి ఎత్తు ప్రాంతంలో దీనికి ఇంకో లాభం ఉంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. టర్బో లేని ఇంజిన్ ప్రతి 100 మీటర్లకు ఒక శాతం చొప్పున బలం పోగొట్టుకుంటుంది. అంటే ఇక్కడ ఎనిమిది తొమ్మిది శాతం ముందే పోయినట్టు. టర్బో ఆ లోటు చాలావరకు పూడుస్తుంది.

2. అంకె పక్కనున్న అంకె చదవండి

అసలు సంగతి ఇక్కడుంది. బ్రోచరులో పవర్ పీఎస్‌లో (అంటే హార్స్‌పవర్ లాంటి కొలత), టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఎన్‌ఎంలో (న్యూటన్ మీటర్లలో) ఇస్తారు. రెండింటి పక్కనా చిన్న అక్షరాల్లో ఆర్‌పీఎం ఉంటుంది, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగినప్పుడు ఆ బలం వస్తుందో. 6,000 చుట్ల దగ్గర వచ్చే పవర్ లారీ వెనక ఈడ్చుకుంటూ ఎక్కేవాడికి ఎందుకు? అక్కడ ఇంజిన్ తిరిగేది 2,000 దగ్గర.

కాబట్టి ఈ లెక్క వేయండి: 2,000 చుట్ల దగ్గరున్న టార్క్‌ను 2,000తో గుణించి 7,000తో భాగిస్తే, ఆ వేగంలో ఇంజిన్ ఇచ్చే పీఎస్ సుమారుగా వస్తుంది.

హ్యుందాయ్ వెన్యూనే తీసుకుందాం, ఒకే బండిలో మూడు ఇంజిన్లు దొరుకుతాయి. 1,197 సీసీ పెట్రోలు 83 పీఎస్. టార్క్ 114, అదీ 4,000 దగ్గర. 2,000 దగ్గర మొత్తం 114 వచ్చిందనుకున్నా 33 పీఎస్ దాటదు. 998 సీసీ టర్బో పెట్రోలు 120 పీఎస్. టార్క్ 172, 1,500 నుంచే అందుతుంది. లెక్క వేస్తే 49. 1,493 సీసీ డీజిల్ 116 పీఎస్; టార్క్ 250, అదీ 1,500 నుంచే. లెక్క 71. బ్రోచరులో 120, 116 పక్కపక్కనే ఉన్నాయి, ఘాటీలో ఎంత తేడానో చూడండి. మన ఊళ్లలో బొలెరో ఇంకా ఎందుకు తిరుగుతుందో కూడా దీంట్లోనే తెలుస్తుంది. పవర్ 76 పీఎస్సే గానీ 210 ఎన్‌ఎం టార్క్‌తో 2,000 దగ్గరే 60 ఇస్తుంది.

అలాగని మామూలు పెట్రోలు కారు ఎక్కదని కాదు. రెండో గేరుకు దించి 4,000 మీద తిప్పితే శుభ్రంగా ఎక్కుతుంది. మోతా, పెట్రోలు ఖర్చూ మీవి.

3. జనాన్ని కలిపి తూకం వేయండి

స్విఫ్ట్ ఖాళీ బరువు సుమారు 920 కిలోలు. అయిదుగురు పెద్దవాళ్లు, సామాను కలిస్తే ఇంకో 370. అంటే బండి నలభై శాతం బరువెక్కింది, పైన లెక్క వేసిన పీఎస్ లాగాల్సింది ఈ మొత్తాన్ని. ఒంటరిగా తిరిగేవాళ్లు ఈ మెట్టు వదిలేయొచ్చు.

4. గేర్‌బాక్స్

మాన్యువల్ చవక, రిపేరు ఎక్కడైనా అవుతుంది. ఏఎంటీ అంటే అదే మాన్యువల్ పెట్టె, క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మాత్రం మిషను చేస్తుంది. ఊళ్లో హాయి. హెయిర్‌పిన్ మలుపులో మాత్రం మీరు కాలు తీయగానే పై గేరు వేసుకుంటుంది, మళ్లీ తొక్కితే కిందికి దించుకుంటుంది, ఆ మధ్యలో బండి ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. ఘాటీలో దాన్ని ‘ఎం’ (మాన్యువల్)లో పెట్టి మీరే వేసుకోవడం మేలు. రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్, డ్యూయల్ క్లచ్, చురుగ్గా ఉంటుంది గానీ ఎత్తులో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెడితే క్లచ్ వేడెక్కుతుంది. టార్క్ కన్వర్టర్ అనే ఆటోమేటిక్‌లో బలం నూనె ద్వారా సాగుతుంది కాబట్టి ఈ నత్తనడక దానికి సులువు. మా దారికి నా ఓటు దానికే, మైలేజీ కాస్త తగ్గినా సరే. విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్, సీవీటీ, మెత్తన; తొక్కితే ముందు మోత, తర్వాత కదలిక.

దిగడం కూడా ఉంది. సుంకి దిగువకు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు కాగుతాయి. చిన్న గేరులో నిలబెట్టే వీలు ఆటోమేటిక్‌లో ఉందో లేదో అడిగి చూడండి.

5. డీజిల్ అందరికీ కాదు

బీఎస్6 (ఇప్పటి పొగ నిబంధన) డీజిల్ కార్లలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి కాసేపు హైవే మీద పరుగెత్తితేనే ఆ మసి కాలుతుంది. రోజూ ఇల్లు, బడి, బజారు మూడు కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఫిల్టరు దీపం వెలిగి సర్వీసు సెంటర్ చుట్టూ తిప్పుతుంది. వాళ్లకు టర్బో పెట్రోలు చాలు.

6. టెస్ట్ డ్రైవ్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లండి

షోరూం వాళ్లు చదును రోడ్డు మీద, మీరూ సేల్స్ కుర్రాడూ ఇద్దరే ఎక్కి, ఒక రౌండు వేయిస్తారు. ఒప్పుకోకండి. నలుగురిని ఎక్కించుకోండి, ఏసీ వేయండి, దగ్గర్లో ఏ ఎత్తుంటే అక్కడికి పొమ్మనండి. మూడో గేరులో 30 స్పీడు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. సేల్స్ కుర్రాడు గబగబా ‘సార్, రెండో గేరు వేయండి’ అన్నాడంటే, మీరు అడగాల్సిన ప్రశ్నకు జవాబు వచ్చేసింది.