తాజంగి చెరువు పక్కన వర్క్‌షాప్: తుప్పు పట్టే ఉలి, బిగుసుకునే సొరుగు, మూలిగే మోటారు

లంబసింగి చూడ్డానికి వచ్చినవాళ్ళు తెల్లారి ఆరింటికి మంచులో నిలబడి ఫొటో తీసుకుని, ఎనిమిదింటికల్లా టీ తాగి దిగిపోతారు. అదే మంచు షెడ్డులోకి దూరి రంపం బ్లేడు మీద కూర్చుంటే ఏమవుద్దో ఇక్కడ ఉండేవాళ్ళకే తెలుసు. చింతపల్లి మండలం, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తు, డిసెంబరు జనవరిల్లో రాత్రి టెంపరేచర్ ఒక అంకెకి పడిపోద్ది, వానాకాలంలో వారాల తరబడి ఎండ కనపడదు, దానికి తోడు పక్కనే తాజంగి రిజర్వాయర్. ఉండటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, ఇనుముకీ చెక్కకీ మాత్రం ఇంతకన్నా కష్టమైన చోటు లేదు.

యూట్యూబులో చూసి షెడ్డు వేసేవాళ్ళు ముందు మెషిన్లు కొంటారు. నేనైతే ముందు రెండు చిన్న వస్తువులు కొనమంటాను: గాలిలో తేమ, టెంపరేచర్ రెండూ చూపించే డిజిటల్ మీటరొకటి, మల్టీమీటరొకటి. రెండూ కలిపి కూడా ఒక మంచి ప్లేనర్ బ్లేడు సెట్టు ఖరీదు ఉండదు. ఇక్కడ వచ్చే తలనొప్పుల్లో ముప్పాతిక భాగం గాల్లో ఉన్న నీటి వల్లో, వైర్లో లేని వోల్టేజీ వల్లో వస్తాయి, ఈ రెండూ కంటికి కనపడవు కాబట్టి జనం మెషిన్నో, జిగురునో, వడ్రంగినో తిట్టుకుంటారు.

సమస్య: రాత్రి తుడిచి పెట్టిన ఉలి పొద్దున్నకి ఎర్రబడింది, టేబుల్ సా (బల్లకి బిగించిన రంపం మెషిన్) ఇనప బల్ల మీద చుక్కలు చుక్కలుగా తుప్పు

కప్పు కారుతోందేమో అని చూస్తారు, కారదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా బుడ్డికి చెమట పట్టినట్టే ఇది. రాత్రంతా ఇనుము చల్లబడిపోయి ఉంటది, సూర్యుడొచ్చాక గాలి తొందరగా వేడెక్కుద్ది గానీ మందపాటి ఇనప బల్ల వేడెక్కడానికి గంటలు పడుద్ది. 20 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉందనుకోండి, ఆ గాలి 16 డిగ్రీలో అంతకన్నా తక్కువో ఉన్న ఇనుముకి తగిలితే చాలు నీళ్ళుగా మారిపోద్ది. అంటే తుప్పు పట్టేది రాత్రి కాదు, పొద్దున్న మనం "కాస్త గాలాడనీ" అని తలుపులు బార్లా తీసిన ఆ గంటలో.

కాబట్టి మొదటి పరిష్కారానికి పైసా ఖర్చు లేదు: మంచు విడిచి ఎండ వచ్చేదాకా, అంటే చలికాలంలో పదీ పదిన్నర దాకా, షెడ్డు తలుపులు తీయొద్దు. వానాకాలంలో లోపలి తేమ, బయటి తేమ మీటర్‌లో చూసి బయట తక్కువున్నప్పుడే తీయండి. రెండోది, ఇనుముని గాలికన్నా ఓ రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంచడం. చేతి సామాన్లన్నీ ఒక చెక్క బీరువాలో పెట్టి అందులో పాతకాలం 40 వాట్ల బల్బు వెలిగించి ఉంచితే చాలు, గుడ్డా కాగితం బల్బుకి తగలకుండా చుట్టూ జాలీ పెట్టండి. ఎల్‌ఈడీ పెడితే వెలుగొస్తది గానీ వేడి రాదు, పని చెయ్యదు.

బల్ల మీద పల్చటి మెషిన్ ఆయిల్ రాసి తుడిచేయొచ్చు, కానీ దానికి పొట్టు అంటుకుని ఆ పొట్టు తేమ పీల్చి మళ్ళీ అక్కడే తుప్పు పడుద్ది, అందుకే బల్లకి మైనం పాలిష్ మేలు. కార్లకి వాడే పాలిష్ రాయొద్దు, చాలావాటిలో సిలికాన్ ఉంటది, అది చెక్కకి అంటుకుంటే తర్వాత వార్నిష్ ఆ చోట గుంటలు గుంటలుగా విడిపోద్ది. ఉలులు తోలు సంచిలో పెట్టడం చూడ్డానికి బాగుంటది గానీ ఈ ఊళ్ళో వద్దు, తోలు తేమ పట్టి ఉంచుద్ది. సిలికా జెల్ చిన్న డబ్బాల్లో పని చేస్తది, షెడ్డు మొత్తానికి చెయ్యదు. నీలం రంగు గింజలైతే అందులో కోబాల్ట్ ఉంటది, వంటింటి మూకుడులో వేయించకండి.

ఆల్రెడీ పట్టిన తుప్పు పైపైన ఉంటే కిరసనాయిలు, స్క్రబ్బర్ చాలు. లోతుగా ఉంటే వెనిగర్లో ఒక రాత్రి నానబెట్టి, తోమి, వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి ఆయిల్ రాయాలి. ఆ "వెంటనే" అన్నది మర్చిపోతే మధ్యాహ్నానికి మళ్ళీ ఎరుపే.

సమస్య: వాన లేదు, అయినా కప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి

రేకుల షెడ్డు ఉన్నవాళ్ళందరికీ జనవరిలో ఇదే. రేకు రాత్రి ఆకాశం కింద బయటి గాలికన్నా కూడా చల్లబడుద్ది, లోపలి తేమంతా దాని అడుగున చేరి తెల్లారేసరికి కారుద్ది. సీలెంట్ పూసి లాభం లేదు, అక్కడ చిల్లే లేదు కదా. రేకు కింద థర్మాకోల్ షీటో, ఫాయిల్ ఉన్న బబుల్ షీటో ఖాళీ లేకుండా బిగించాలి, దూలం దగ్గర పైన గాలి పోయే దారి వదలాలి. థర్మాకోల్ పెట్టేవాళ్ళు గ్రైండర్ నిప్పురవ్వలు అటు ఎగరకుండా చూస్కోండి, అది భగ్గుమంటది.

సమస్య: నేల ఎప్పుడూ తడిగా ఉంటోంది, కింద పెట్టిన ప్లైవుడ్ అంచులు ఉబ్బాయి

తేమ కిందనుంచి వస్తోందా, గాల్లోంచి వస్తోందా ముందు తేల్చుకోండి. రెండడుగుల పాలిథిన్ ముక్క నేల మీద పరిచి నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. షీటు అడుగున నీళ్ళుంటే భూమిలోంచి, పైన ఉంటే గాల్లోంచి.

భూమిలోంచి అయితే కొండవాలులో తవ్వి షెడ్డు కట్టారేమో చూడండి, నూటికి తొంభై అదే. ఎగువ వైపు గోడకి ఆనుకుని మట్టి ఉంటే కొండ మీద పడిన వానంతా ఆ గోడలోంచి ఊరుద్ది. లోపల ఎన్ని వాటర్‌ప్రూఫ్ రంగులు వేసినా పొరలు పొరలుగా ఊడిపోవడమే. ఎగువ వైపు గోడకి కాస్త దూరంలో, షెడ్డు నేల మట్టంకన్నా లోతుగా కాలవ తీసి, రాళ్ళు నింపి, నీళ్ళు పక్కకి దిగిపోయేలా వాటం ఇవ్వాలి. ఇది కూలి ఖర్చే గానీ సామాను ఖర్చు కాదు, రాళ్ళకి ఇక్కడ కరువా.

(వైజాగ్ నుంచి చాలామంది "మాక్కూడా చెరువు పక్కన ఒక ముక్క దొరుకుద్దా" అని అడుగుతుంటారు. ఇది ఏజెన్సీ, 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుల పేరు మీదకి స్థలం బదిలీ చెల్లదు. స్టాంపు పేపర్ మీద రాసిస్తాం అనేవాళ్ళకి డబ్బులివ్వకండి, అంతే.)

సమస్య: ఏప్రిల్లో సాఫీగా జారిన సొరుగు ఆగస్టులో రావట్లేదు, లేదా వానాకాలంలో చేసిన బల్ల ఎండాకాలంలో చీలింది

చెక్క చచ్చాక కూడా తేమ పీల్చుకుంటది, వదుల్తది. చుట్టూ గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ 9 శాతం దగ్గర ఆగుద్ది, 80 శాతం ఉంటే 16 దాకా పోద్ది. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది, పొడవులో దాదాపు మార్పు ఉండదు, మొత్తం అడ్డంగానే ఉబ్బుద్ది. బాగా స్థిరంగా ఉంటదని పేరున్న టేకే 300 మి.మీ. వెడల్పు పలక ఈ సీజన్ల తేడాకి 3 మి.మీ. దాకా అటూ ఇటూ అవ్వొచ్చు, మామిడి చెక్క ఇంకా ఎక్కువ. వడ్రంగి బిగుసుకుందని చిత్రిక పట్టేస్తాడు, సంక్రాంతి తర్వాత చూస్తే ఆ సొరుగు వదులై గడగడలాడుద్ది. వానాకాలంలో బిగుసుకున్నదాన్ని వానాకాలంలో గీకకండి, కొవ్వొత్తి మైనం రాసి నెట్టుకురండి.

అసలు పరిష్కారం చేసేటప్పుడే ఉండాలి. కొన్న చెక్కని పలకకీ పలకకీ మధ్య ఒకే మందం పుల్లలు పెట్టి, నేలకి అడుగు ఎత్తున, షెడ్డు లోపలే కొన్ని వారాలు పేర్చి ఉంచాలి. నర్సీపట్నం ఎండలో ఆరిన చెక్క ఇక్కడికొచ్చాక ఇంకోసారి సర్దుకోవాలి, ఘాట్ ఎక్కిన రోజే కోసేస్తే ఎలా. తలుపు అయితే ఫ్రేము కట్టి మధ్య పలకని గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి, పలకకి జిగురు పెట్టకూడదు, మేకు కొట్టకూడదు. మన పాత ఇళ్ళ తలుపులన్నీ ఇలాగే ఉంటాయి. టేబుల్ పై పలకని కింది ఫ్రేముకి బిగించేటప్పుడు స్క్రూ బెజ్జం గుండ్రంగా కాకుండా కోలగా చేస్తే పలకకి కదలడానికి దారుంటది. టేకు దుంగ ఎవరైనా చవగ్గా ఇస్తానంటే ఫారెస్టు పర్మిట్ అడగండి, కాఫీ తోటల్లో కొట్టిన సిల్వర్ ఓక్ అయితే మామూలు బల్లలకి బాగానే ఉంటది గానీ పచ్చిది కొంటే మెలిక తిరిగిపోద్ది.

సమస్య: ఫెవికాల్ పెట్టి బిగించిన జాయింటు చేత్తో లాగితే ఊడొచ్చింది, లోపల సుద్దపొడిలా తెల్లగా ఉంది

ఆ తెల్లటి పొడే సాక్ష్యం. తెల్ల జిగురు ఆరేటప్పుడు కనీసం 10 డిగ్రీలైనా ఉండాలి, అంతకన్నా చల్లగా ఉంటే జిగురు పొర కట్టకుండానే నీరు పోయి సుద్దగా మిగులుద్ది. డబ్బా వేడినీళ్ళలో పెట్టి వాడినా లాభం లేదు, చెక్క చల్లగా ఉంటే జిగురు క్షణంలో చల్లబడుద్ది. చలికాలంలో జిగురు పని పదకొండు నుంచి రెండు లోపల, చెక్క ముక్కల్ని ముందు ఎండలో పెట్టి, బిగించాక పాత దుప్పటి కప్పి మర్నాటి మధ్యాహ్నం దాకా క్లాంపులు తీయకుండా. ఊడిపోయినదాన్ని మళ్ళీ అంటించేముందు ఆ సుద్దంతా గీకి తాజా చెక్క కనపడాలి, పాత జిగురు మీద కొత్తది పట్టదు.

ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పోసే గట్టి జిగురు) పోసినప్పుడు పైన జిడ్డు పొర వస్తే అది చలీ తేమా కలిసి చేసిన పని. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరాకే సాండ్‌పేపర్ పట్టండి, ముందే పడితే ఆ జిడ్డంతా లోపలికి రుద్దుకుపోద్ది.

సమస్య: లక్క పాలిష్, లేదా థిన్నర్ లాకర్ వేసిన కాసేపటికి పాలలా తెల్లబడింది

స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పైభాగం చల్లబడుద్ది, మంచు రోజైతే గాల్లో నీరు అక్కడే దిగి పొరలో ఇరుక్కుంటది. తేమ 75 శాతం దాటితే పాలిష్ పని ఆపేయండి. ఆల్రెడీ తెల్లబడితే పొడి ఎండ వచ్చిన రోజు లక్క మీద స్పిరిట్, లాకర్ మీద రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కలిపిన థిన్నర్ చాలా పల్చగా పట్టిస్తే చాలావరకు పోద్ది. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి, తీగ మీద విడివిడిగా ఆరేయండి.

సమస్య: స్విచ్ వేస్తే మోటారు మూలుగుద్ది, తిరగదు

ముందు స్విచ్ ఆపండి. తిరగని మోటారు నిమిషాల్లో కాలిపోద్ది. తర్వాత ప్లగ్ పీకి బ్లేడు చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుంటే బేరింగో, చెక్క ముక్కో. సులువుగా తిరిగితే మల్టీమీటర్ తీసి ప్లగ్ దగ్గర వోల్టేజీ చూడండి, అది కూడా వేరే మెషిన్ నడుస్తుండగా చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు 220 చూపించి లోడు పడగానే 180కి జారే లైన్లు ఏజెన్సీలో మామూలే. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గానికి (వోల్టేజీని దాంతోనే గుణిస్తే వచ్చేదానికి) తగ్గట్టు ఉంటది, 230 బదులు 180 వస్తే బలం 60 శాతానికి పడిపోయినట్టు, ఇంక అది టేబుల్ సా బ్లేడుని ఏం తిప్పుద్ది.

వోల్టేజీ లైన్‌లోనే తక్కువా, మన వైర్లో పోతోందా అన్నది తర్వాత ప్రశ్న. మీటర్ బోర్డు దగ్గర బాగుండి షెడ్డులో తక్కువుంటే తప్పు మనదే. ఇంటినుంచి షెడ్డుకి 30 మీటర్లు 1 చదరపు మి.మీ. వైరు లాగితే 10 ఆంపియర్లకి 11 వోల్టులు దారిలోనే పోతాయి, స్టార్టింగ్‌లో మోటారు దానికి ఐదారు రెట్లు లాగుద్ది కాబట్టి ఆ క్షణంలో పోయేది ఇంకెంతో లెక్కేసుకోండి. 2.5 కానీ 4 కానీ వెయ్యండి. ఎక్స్‌టెన్షన్ చుట్టని చుట్టలాగే ఉంచి వాడొద్దు, లోపల వేడికి కరుగుద్ది. బోర్డు దగ్గరే తక్కువుంటే స్టెబిలైజర్, అది కూడా స్టార్టింగ్ కరెంటు చూసి పెద్దది.

వోల్టేజీ బాగుండి, చేత్తో సులువుగా తిరిగి, అయినా మూలిగితే చాలావరకు కెపాసిటర్ (మోటారుకి మొదటి తోపు ఇచ్చే భాగం) పోయినట్టే, తీసేముందు దాన్ని డిస్చార్జ్ చేయించండి. గ్రైండర్, డ్రిల్లు, మార్బుల్ కట్టర్ లాంటి కార్బన్ బ్రష్ మెషిన్లు తక్కువ వోల్టేజీకి బలం తగ్గినా తిరుగుతాయి, అందుకే లైన్ బాగోని ఇళ్ళకి నేను పెద్ద టేబుల్ సా బదులు గైడు పట్టీ మీద నడిచే చేతి సర్క్యులర్ సా చెప్తాను.

మెషిన్ బాడీ ముట్టుకుంటే జిల్లుమంటే పని అక్కడితో ఆపాలి. వానాకాలమంతా మూలన ఉన్న మోటారు వైండింగ్‌లో తేమ చేరుద్ది, దానికి తోడు రాతినేలలో ఎర్తింగ్ సరిగా దిగదు. ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (వైండింగ్‌లోంచి కరెంటు బాడీకి లీకవుతోందా చూపే మీటర్) పెట్టించి చూడండి, 1 మెగాఓమ్ కన్నా తక్కువుంటే ఆరబెట్టాలి. ఎర్త్ గొయ్యి రాయి తగలని చోట, తడి ఉండే వైపు తీయించండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్) లేకుండా ఈ వాతావరణంలో మెషిన్ నడపొద్దు. వాన పడినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతుంటే దాన్ని తీసేయడం కాదు పరిష్కారం, బయట గోడ మీద సాకెట్లో నీళ్ళు చేరి ఉంటాయి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు మొదలైతే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గులే పీకేయండి.

సమస్య: చెక్క కింద పిండిలా సన్నటి పొడి రాలుతోంది

గుండుసూది బెజ్జాలుంటే పుచ్చు పురుగు, మట్టి గొట్టాలుంటే చెదలు. పురుగు చేవలేని తెల్ల భాగంలోనే చేరుద్ది, ఆ భాగం కోసి పారేయండి, మిగతాదానికి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు పట్టించండి, రంగు వేయకముందే. చెదలకైతే చెక్క ఏదీ మట్టికీ గోడకీ ఆనకుండా చూడటమే సగం వైద్యం.

సమస్య: చెరువు అవతలి ఒడ్డువాళ్ళు మీ గ్రైండర్ సౌండ్ భరించలేకపోతున్నారంట

నిజమే చెప్తున్నారు. తెల్లారుజామున లోయలో చల్లగాలి నీళ్ళ మీద నిలబడిపోద్ది, పైగాలి వెచ్చగా ఉంటది, అప్పుడు శబ్దం పైకి పోకుండా వంగి కిందికే దిగుద్ది, మధ్యలో చెట్టూ ఉండదు గోడా ఉండదు. మధ్యాహ్నం అదే గ్రైండర్ అవతలికి సగం కూడా వినపడదు. షెడ్డు తలుపు చెరువు వైపు కాకుండా కొండ వైపు పెట్టండి, మెషిన్ కాళ్ళ కింద రబ్బరు ముక్కలు వేయండి, పొద్దున్న పూట ఉలి నూరడం, కొలతలు గీయడం లాంటివి చూస్కుని మెషిన్లు పదిన్నర తర్వాతే ఆన్ చెయ్యండి. ఎలాగూ అప్పటిదాకా తలుపు తీయకూడదు కదా. డిసెంబరు, జనవరి శని ఆదివారాలైతే సామాను కోసం నర్సీపట్నం దిగే పని కూడా పెట్టుకోకండి, ఘాట్ నిండా టూరిస్టు కార్లే, కావాల్సిన మేకులూ స్క్రూలూ శుక్రవారమే తెచ్చుకోండి.