రూతు గ్రంథం: పరిగె నుంచి కొంగు దాకా

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకొని పెరిగినవారు ఎందరో ఉన్నారు. ఆదివారం తెలుగు బైబిలు వింటూ ఒడియా కూడా ధారాళంగా చదవగలిగిన వీరు రెండు అనువాదాలను పక్కపక్కన పెట్టుకొని, అవి ఎక్కడ వేర్వేరు మాటలు వాడాయో తామే గమనించగలరు. హెబ్రీ రానివారికి మూలానికి దగ్గరయ్యేందుకు ఇంతకంటె మంచి దారి నాకు కనబడలేదు. ఈ పద్ధతిని 85 వచనాలే ఉన్న రూతు గ్రంథంతో మొదలుపెట్టడం మేలు. పరాయి దేశమైన మోయాబునుంచి అత్త నయోమితో బేత్లెహేముకు వచ్చిన విధవ రూతు, పొలంలో పరిగె (కోతలో మిగిలిన కంకులు) ఏరుకొంటూ, ఆ పొలం యజమాని బోయజును పెండ్లాడిన కథ ఇది.

మొదట వ్యాఖ్యానాలేవీ తెరవకుండా నాలుగు అధ్యాయాలనూ ఒకే విడతలో బిగ్గరగా చదవండి. ఈ కథ చెవికోసం కట్టినది. రెండవసారి చదివేటప్పుడు తిరిగి తిరిగి వచ్చే మాటల కింద గీత గీయండి. ఆమె ఎవరో మనకు తెలిసిన తరువాత కూడా కథకుడు ‘మోయాబీయురాలైన రూతు’ అన్న మాటను మూలంలో 5 సార్లు వాడాడు. 4:13లో (4వ అధ్యాయం, 13వ వచనం) బోయజు ఆమెను పెండ్లి చేసుకొన్నప్పుడు మాత్రం ఆమె ఉత్త రూతు. పరాయి దేశం పేరు ఎక్కడ రాలిపోయిందో చెప్పడానికి కథకుడు వ్యాఖ్య చేయలేదు, ఒక విశేషణాన్ని వదిలేశాడు. ఎల్లకు ఇవతల ఉండి ‘మీరు ఎటువారు?’ అన్న ప్రశ్న విన్నవారికి ఆ మౌనం విలువ తెలుస్తుంది.

తరువాతి పని అనువాదంలో విడిపోయిన మాటలను తిరిగి కలపడం. 1:21లో నయోమి తాను ‘రిక్తురాలిగా’ తిరిగి వచ్చానని విలపిస్తుంది. 3:17లో బోయజు ‘వట్టిచేతులతో’ అత్త యింటికి పోవద్దని రూతుకు ఆరు కొలల యవలు (బార్లీ) ఇస్తాడు. హెబ్రీలో రెండుచోట్లా ఉన్నది ఒకే మాట కాబట్టి, నయోమి విలాపానికి జవాబు కళ్ళం నుంచి యవల మూటగా వస్తున్నదని అర్థమవుతుంది. ఇంతకంటె అందమైన జత ‘కానాఫ్’. రూతు దేవుని రెక్కల క్రిందికి వచ్చిందని 2:12లో బోయజు ఆమెను దీవించాడు; 3:9లో రూతు, నీ కొంగు నామీద కప్పుమని అతనినే అడిగింది. రెక్కకూ వస్త్రపు అంచుకూ హెబ్రీలో పేరు ఒక్కటే. అంటే అతడు పలికిన దీవెనను అతడే నెరవేర్చాలని ఆమె కోరుతున్నది. తెలుగు పాఠంలో ఈ ముడి విడిపోయినా, కొంగు అనగానే కొంగుముడి తలపుకు వచ్చే మనకు ఆమె అడిగినది వివాహమేనని వివరించవలసిన పని లేదు. ఒడియా బైబిలులో ఈ రెండుచోట్ల ఏ మాటలున్నాయో చూసి, పుస్తకం అంచున రాసుకోండి.

నేపథ్యం విషయానికి వస్తే, వంశధార ఒడ్డున వరి పండించేవారికి పరిగె ఏరడం, కళ్ళంలో తూర్పారబట్టడం, ధాన్యపు రాశి దగ్గర రాత్రి కాపలా పడుకోవడం తెలిసినవే. కనుక 3:7లో బోయజు ధాన్యపు కుప్ప పక్కన ఎందుకు పడుకొన్నాడో వారికి వింతగా ఉండదు. అయితే తెలిసినదే కొన్నిసార్లు దారి తప్పిస్తుంది. మన వరి కోతలు శీతకాలపువి. బేత్లెహేములో యవల కోత వసంతంలో, యూదుల పస్కా పండుగ రోజుల్లో మొదలవుతుంది. 2:17లోని ‘తూమెడు’ కూడా హెబ్రీ కొలత అయిన ఏఫాకు అనువాదకులు ఎంచుకొన్న తెలుగు మాట మాత్రమే, మన తూముతో లెక్క కట్టకూడదు. అన్నిటికంటె ముఖ్యంగా, అక్కడ పరిగె యజమాని దయాధర్మం కాదు: పొలం అంచులను కోయకుండా బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని లేవీయకాండము 19:9-10 ఆజ్ఞాపించింది. ఆ వచనాలు చదివిన తరువాతనే రెండవ అధ్యాయానికి రండి.

4వ అధ్యాయంలోని పట్టణ ద్వారం మన రచ్చబండవంటిది. చెప్పు తీసి ఇచ్చే ఆచారాన్ని కథకుడే 4:7లో విప్పి చెప్పాడు కాబట్టి అక్కడ ఆగనవసరం లేదు.

ఆగవలసినది చివరి వంశావళి దగ్గర. మోయాబీయులు పదవ తరమువరకు ఇశ్రాయేలీయుల సమాజములో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23:3 చెబుతుంటే, 4:18-22 పెరెసు మొదలు దావీదు వరకు సరిగ్గా 10 పేర్లు వరుసగా చెబుతుంది, వాటి నడుమ మోయాబీయురాలి కుమారుడు ఓబేదు ఉన్నాడు. ఈ రెండు భాగాలనూ ఒకదాని తరువాత ఒకటి బిగ్గరగా చదివించి, ఆ చట్టం తెలిసిన శ్రోతకు ఈ పేర్ల వరుస ఎలా వినిపించి ఉంటుందో మాట్లాడుకోవడానికి మీ అధ్యయన కూటంలో ఒక సాయంత్రమంతా కేటాయించండి.