తుపాకీ పెట్టుకునే లెదర్ హ్యాండ్‌బ్యాగ్ ఇంట్లోనే కుట్టుకోవడం ఎలా?

మా వదినకి డాలస్ శివార్లలో చిన్న కిరాణా కొట్టు ఉంది. రాత్రి పదకొండుకి గల్లా లెక్క చూసుకుని, తాళాలేసి, చీకట్లో కారు దాకా ఒక్కతే నడవాలి. రెండేళ్ల కిందట లైసెన్సు తీసుకుని, షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చడం నేర్చుకుని, చిన్న పిస్టల్ కొనుక్కుంది. కొన్న తర్వాత వచ్చిన చిక్కేంటంటే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? హోల్‌స్టర్లు, అంటే తుపాకీ తొడుగులన్నీ జీన్స్ ప్యాంటు, గట్టి బెల్టు ఉన్నవాళ్లకోసం చేసినవే, చుడీదార్ మీద అవి నిలవవు. "నువ్వు తోలు పని చేస్తావుగా, నాకో బ్యాగ్ కుట్టిపెట్టు" అంది. అలా మొదలైంది. ఇప్పటికి ఐదు కుట్టాను, ఆ ఐదింటిలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

తోలు కొనేముందు చట్టం సంగతి. నేను రాసేది టెక్సాస్ గురించి, మీ రాష్ట్రంలో వేరేగా ఉండొచ్చు, చూసుకోండి. ఇక్కడ 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకపోయినా వెంట పెట్టుకోవచ్చు. అయినా లైసెన్సు తీసుకోమనే చెబుతాను, ఆ వంకతోనైనా క్లాసుకి వెళ్లి పరీక్ష రాస్తారు, గురి చూసి కాల్చి చూపిస్తారు. మనవాళ్లలో చాలామందికి తెలియని ముఖ్యమైన విషయం ఇంకోటి ఉంది. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డు ఉండదు.

ముందు ఏం ఆలోచించుకోవాలి

నడుముకి కట్టుకున్న తుపాకీ మీ ఒంటి మీదే ఉంటుంది. బ్యాగ్ అలా కాదు, కుర్చీకి తగిలిస్తాం, షాపింగ్ కార్టులో పెడతాం, సోఫా మీద పడేస్తాం. 2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రంలో హేడెన్ అనే ఊళ్లో ఒక తల్లి షాపింగ్ చేస్తుంటే, కార్టులో కూర్చున్న రెండేళ్ల బాబు ఆమె బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటకు లాగాడు. అది పేలి ఆ తల్లి అక్కడే చనిపోయింది. ఆ బ్యాగ్ కూడా తుపాకీ కోసం ప్రత్యేకంగా జిప్పు అర పెట్టి చేసినదే. బ్యాగ్ గీయడానికి కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ బాబే గుర్తొస్తాడు. అందుకే నా లెక్కలో అందం తర్వాత, ముందు నాలుగు విషయాలు తేలాలి: తుపాకీ అరలో ఇంకేమీ ఉండకూడదు, ట్రిగ్గర్ పూర్తిగా గట్టి తొడుగులో ఉండాలి, జిప్పుకి తాళం పడాలి, పట్టీ అడ్డంగా భుజం మీంచి వేసుకునేలా ఉండాలి.

తోలు, సామాను

బ్యాగ్‌కి వెజిటబుల్ టాన్ తోలు తీసుకోండి. చెట్ల బెరడుతో పదును పెట్టిన తోలన్నమాట, మన దగ్గర తంగేడు చెక్కతో చేసేవాళ్లే, అదే పద్ధతి. ఇది బిగువుగా నిలబడుతుంది, అంచులు రుద్దితే నున్నగా మెరుస్తాయి. సోఫాలకి వాడే మెత్తటి క్రోమ్ తోలు వద్దు, లోపల ఉన్న పిస్టల్ ఆకారం బయటికి కనిపించేస్తుంది. అమెరికాలో తోలు మందాన్ని ఔన్సుల్లో చెబుతారు, ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, దాదాపు 0.4 మిల్లీమీటర్లు. బ్యాగ్ గోడలుగా నిలిచే పలకలకి 5 ఔన్సులది, అంటే 2 మిల్లీమీటర్లది సరిపోతుంది. పలకల నడుమ రెండు పక్కలా, అడుగునా తిరిగే పక్క పట్టీలకి 4 ఔన్సులది చాలు, ఇంకా మందమైతే మూలల దగ్గర వంగదు. మొత్తం ఆరు చదరపు అడుగులు తెచ్చుకుంటే వృథా పోను సరిపోతుంది.

ఇవి కాక 0.8 మిల్లీమీటర్ల మైనం పట్టిన పాలిస్టర్ దారం, మొన మొద్దుగా ఉండే సూదులు రెండు, 4 మిల్లీమీటర్ల ఎడం ఉన్న చిల్లుల ఫోర్కు, ప్లాస్టిక్ సుత్తి, ఆరె, రెండు తలల లోహపు జిప్పు 14 అంగుళాలది, అంగుళం డీ రింగులు, చికాగో స్క్రూలు (రెండు వైపులనుంచీ కలిసి బిగిసే రెండు ముక్కల మరలు), వెల్క్రో, తోలు జిగురు కావాలి. పట్టీ మధ్యలో పెట్టడానికి సన్నటి స్టీల్ తీగ కూడా. బ్యాగ్ దొంగలు కత్తితో పట్టీ కోసి లాక్కుపోతారు, ఇందులో పోయేది డబ్బు ఒక్కటే కాదు కాబట్టి ఆ తీగ విషయంలో మాత్రం పొదుపు చేయొద్దు.

కొలతలు

మా వదిన పిస్టల్ సిగ్ పీ365 అనే మోడల్. పొడవు 5.8 అంగుళాలు, ఎత్తు 4.3, మందం ఒక అంగుళం, ఖాళీగా అర కిలో బరువు. మీది వేరే అయితే కాగితం మీద దాని చుట్టూ గీత గీసి, అన్ని వైపులా అంగుళంన్నర వదిలి అర కొలత తీసుకోండి. గీసేముందు బుల్లెట్లుండే మ్యాగజైన్ తీసేసి, పేలే బుల్లెట్ కూర్చునే ఛాంబర్ తెరిచి, కళ్లతో చూసి వేలితో తడిమి మరీ ఖాళీ అని తేల్చుకోవాలి. అంతకంటే మంచిది, మీ మోడల్‌కి సరిపోయే నీలం రంగు ప్లాస్టిక్ డమ్మీ దొరుకుతుంది, అది కొనుక్కుని పనంతా దాంతోనే చేయండి. నా పనిబల్ల మీదకి అసలు తుపాకీ రానివ్వను.

నా బ్యాగ్‌కి 11 అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తుతో మూడు పలకలు: ముందుది, మధ్య గోడ, వెనకది. ముందు పలకకీ మధ్య గోడకీ నడుమ మామూలు సామాను అర, దాని పక్క పట్టీ మూడుంబావు అంగుళాల వెడల్పు. మధ్య గోడకీ వెనక పలకకీ నడుమ తుపాకీ అర, దాని పట్టీ రెండున్నర. కుట్టులో రెండు వైపులా కొంత పోయాక లోపల అంగుళంముప్పావు మిగులుతుంది. పట్టీలు 29 అంగుళాల పొడవు కోసి, చివర్లు తర్వాత కత్తిరించుకోండి.

మార్కెట్లో దొరికే చాలా బ్యాగ్‌లకి తుపాకీ జిప్పు పక్కన నిలువుగా ఉంటుంది. అందులో పిస్టల్ అడ్డంగా పడుకుని ఉంటుంది, అంటే లైన్లో నిలబడితే గొట్టం మూతి మీ ముందువాళ్ల వైపో వెనకవాళ్ల వైపో చూస్తుంటుంది. నాకు అది అస్సలు నచ్చదు. నేను జిప్పు పైన పెడతాను, పిస్టల్ మూతి నేల వైపు, పిడి పైకి వచ్చేలా నిలబెడతాను.

హోల్‌స్టర్

బ్యాగ్ అంతా మీరే కుట్టుకున్నా లోపలి తొడుగు మాత్రం మీ మోడల్‌కి అచ్చుపోసిన కైడెక్స్‌ది కొనండి. మెత్తబడిన తోలు అంచు లోపలికి మడతపడి ట్రిగ్గర్‌ని నొక్కే ప్రమాదం ఉంది. కైడెక్స్ గట్టి ప్లాస్టిక్, వంగదు, పిస్టల్‌ని లోపల టక్కుమని పట్టుకుంటుంది. దాని వెనక నాలుగైదు అంగుళాల వెల్క్రో గరుకు ముక్క అతికించి, అర గోడకి మెత్తటి వైపు కుట్టేయండి. వెల్క్రో ఒక్కదాన్నే నమ్మొద్దు, పిస్టల్ తీసేటప్పుడు తొడుగు కూడా ఊడి వచ్చేస్తే ప్రాణం మీదకి వస్తుంది. అడుగున చిన్న తోలు నాలుక పెట్టి చికాగో స్క్రూతో తొడుగుని బిగించండి.

మొదటి బ్యాగ్‌లో నేను చేసిన తప్పు ఇక్కడే. వదినది ఎడమ చేతివాటం. ఇన్నేళ్లుగా ఆవిడ ఎడం చేత్తో లెక్కలు రాస్తుంటే చూస్తూనే ఉన్నాను, అయినా వెల్క్రో ఒక గోడకే వేసి, ఒక్క తల జిప్పు పెట్టి, అంతా కుడిచేతి వాళ్లకి తగ్గట్టు కుట్టేశాను. డమ్మీ పెట్టి తీసి చూస్తే మణికట్టు తిరగేసి లాగాల్సి వచ్చింది. రెండు వారాల పని విప్పుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి రెండు గోడలకీ వెల్క్రో వేస్తున్నాను, జిప్పుకి రెండు తలలు ఉంటే ఎటునుంచైనా తెరవొచ్చు.

కుట్టు

పలకలు విడిగా ఉన్నప్పుడే వెల్క్రో, జిప్పు, నాలుక, డీ రింగుల తోలు ముక్కలు కుట్టేసుకోండి, పెట్టె ఆకారం వచ్చాక లోపలికి చెయ్యి దూరదు. తర్వాత మధ్య గోడకి రెండు పక్క పట్టీలు, చివరగా ముందు, వెనక పలకలు. అంచుల లోపలి వైపు గరుకుగా గీకి పల్చగా జిగురు రాసి, తడి ఆరాక అతికించండి. అంచు నుంచి 4 మిల్లీమీటర్ల లోపల డివైడర్‌తో గీత గీసి, ఆ గీత మీద ఫోర్కు పెట్టి కొట్టుకుంటూ పోవాలి. ప్రతిసారీ ఫోర్కు మొదటి పన్ను ఇంతకుముందు చిల్లులో కూర్చోవాలి, లేకపోతే వరస తప్పుతుంది.

కుట్టు మెషీన్ వద్దు, జీను కుట్టే వేయండి. మెషీన్ కుట్టులో ఒక పోగు తెగితే వరసగా ఊడిపోతుంది, జీను కుట్టులో ఒకటి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. కుట్టు పొడవుకి నాలుగింతల దారం కావాలి. 28 అంగుళాల కుట్టుకి ఒకే దారం తీసుకుంటే చేతులు చాపీ చాపీ భుజాలు లాగేస్తాయి, సగం సగంగా కుట్టండి. దారం రెండు కొసలకీ చెరో సూది. కుడి సూది చిల్లులోంచి అవతలికి వెళ్లాక, ఎడమ సూది అదే చిల్లులోంచి ఇవతలికి రావాలి, వచ్చేటప్పుడు మొదటి దారాన్ని గుచ్చకుండా దాని వెనకనుంచే రావాలి. ఆపైన రెండు చేతులతో ఒకే బిగువుతో లాగండి. సరిగ్గా పడితే దారం తోలులోకి కొద్దిగా దిగి, వడ్లగింజల్లా ఒకే వాలుగా వరసకట్టి కనిపిస్తుంది. ఒక్క కుట్టుకి గుచ్చే క్రమం మారినా ఆ వాలు చెడిపోయి దూరం నుంచే తెలిసిపోతుంది. చివర మూడు చిల్లులు వెనక్కి కుట్టి, దారం కోసి, కొసని లైటర్‌తో కొంచెం కరిగించి నొక్కేయండి.

అంచులకి గరుకు కాగితం పట్టి, కాస్త తడి చేసి, పాత జీన్స్ గుడ్డతో వేడెక్కేదాకా రుద్ది తేనెమైనం పట్టించండి. పట్టీకి ఒకటింబావు అంగుళాల వెడల్పు, 50 అంగుళాల పొడవు ముక్కలు రెండు, నడుమ స్టీల్ తీగ, రెండంచులా కుట్టు. తీగ కొసలు డీ రింగు చుట్టూ తిప్పి బిగించాలి, ఊరికే నడుమ పడుకోబెడితే లాభం లేదు.

వాడే ముందు

డమ్మీ పెట్టి బ్యాగ్‌ని తలకిందులు చేసి గట్టిగా దులపండి, తొడుగులోంచి కదలకూడదు. యాభైసార్లు తీసి పెట్టి చూడండి. బ్యాగ్ భుజం మీంచి దిగే పనైతే ముందు రెండు జిప్పు తలలు కలిపి చిన్న తాళం వేసెయ్యాలి. ఇంట్లోకి రాగానే పిస్టల్ సేఫ్‌లోకి వెళ్లాలి, బ్యాగ్‌లో రాత్రంతా ఉండకూడదు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి లోడైన తుపాకీ అందేలా వదిలేసి, అది వాళ్ల చేతికి చిక్కితే నేరం కూడా. పైగా తోలులో చెమ్మ ఉంటుంది, రోజుల తరబడి అందులోనే ఉంచితే ఇనుము తుప్పు పడుతుంది.

ఈ బ్యాగ్‌ని విమానాశ్రయానికి ఎప్పుడూ తీసుకెళ్లకండి, ఖాళీగానైనా సరే. ఇండియా వెళ్లేటప్పుడు అసలే వద్దు. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క బుల్లెట్ స్కానర్‌లో కనిపించినా అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. వదిన ప్రయాణానికి వేరే బ్యాగ్ పెట్టుకుంది. అది కూడా నేనే కుట్టాను, దానికి వెనక అర లేదు.