వాగు గట్టుకి తెల్లమద్ది: గింజ నుంచి మొక్క దాకా

ఏటా వానలకి వాగు గట్టు కోసుకుపోతోందని టెన్షన్ పడేవాళ్లు లారీల్లో రాళ్లు తోలించేముందు తెల్లమద్ది పెట్టి చూడండి. అది నీటి పక్కన పుట్టి పెరిగే చెట్టే. గుర్వాయిగూడెంలో ఎర్రకాలువ ఒడ్డున ఆంజనేయస్వామి కొలువైంది కూడా మద్దిచెట్టు దగ్గరే, అందుకే ఆయన మద్ది ఆంజనేయుడయ్యాడు.

ముందు చెట్టుని సరిగ్గా గుర్తుపట్టాలి. తెల్లమద్ది బెరడు బూడిద రంగులో నున్నగా ఉండి పెచ్చులుగా ఊడుతుంది, నల్లమద్దిదైతే మొసలి వీపులా పగిలి ఉంటుంది. ఎండలు ముదిరేలోపు ఆకు రాలుస్తుంది, చచ్చిపోయిందనుకుని కొట్టేయకండి, కొద్దిరోజుల్లోనే చిగురేస్తుంది.

మార్చి, ఏప్రిల్‌లో చెట్టు కింద ఐదు రెక్కల కాయలు రాలి ఉంటాయి, అచ్చం ఎండిపోయిన స్టార్‌ఫ్రూట్‌లా, చెక్కంత గట్టిగా. పుచ్చులు ఏరేసి మిగతావి తెచ్చుకోండి. మొదటిసారి నేను వాటిని అలాగే మట్టి నింపిన కవర్లలో పెట్టేసి నెలరోజులు నీళ్లు పోశాను. ఒక్కటీ మొలవలేదు, విసుగొచ్చి మట్టంతా పశువుల కొట్టం వెనక పారబోస్తే వానలు పడ్డాక ఆ కుప్పలోంచే రెండు మొలకలు లేచాయి! అప్పటినుంచి నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, కాయలు అందులో వేసి, చల్లారాక అవే నీళ్లలో మూడు నాలుగు రోజులు నాననిచ్చి, ఆ తర్వాతే కవర్లలో పెడుతున్నాను. అయినా మొలక రావడానికి ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది, సగం మొలిస్తే గొప్పే.

కవర్లని మొదట్లో కాస్త నీడన ఉంచి, మరుసటి ఏడాది తొలకరికి నాటండి. గట్టు అంచున మాత్రం పెట్టకండి, వేరు పట్టకముందే మొదటి వరదకి కొట్టుకుపోతుంది. కొంచెం పైన, వరద నీరు తాకి వెనక్కి తగ్గే చోట, ఐదారు మీటర్లకొకటి చాలు. చుట్టూ ముళ్లకంప తప్పదు, మేకలు వదలవు. రెండు వేసవులు నీళ్లు పోస్తే ఆ తర్వాత దాని బతుకు అది చూసుకుంటుంది.

చెట్టు పెద్దదయ్యాక గుండెకి మంచిదని బెరడు కోసం ఎవరో ఒకరు వస్తారు. మొదలు చుట్టూ ఒలిచారా, చెట్టు నిలువునా ఎండుతుంది. ఇంకోటి, వేలంత లావున పచ్చటి పురుగు ఆకు తింటూ కనబడగానే మందు డబ్బా తీయకండి. తెలంగాణలో చెన్నూరు, మహదేవపూర్ వైపు దసలి (టస్సర్) పట్టు కోసం మద్ది ఆకు మీద పెంచేది అలాంటి పురుగుల్నే.