సెక్యూరిటీ ప్యాచ్ వల్ల డేటాబేస్ ఎంత నెమ్మదించింది? కొలవడం ఇలా

ప్యాచ్ వేసిన మర్నాడే ‘డేటాబేస్ స్లో అయింది’ అంటారు, ఎవరో ఒకరు పాత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఎక్కించేస్తారు. కొలవకుండా రక్షణ తీసేయడం తప్పు. మామూలు ప్రోగ్రాములు కెర్నల్ మెమరీని చదివేయగల మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం 2018 జనవరిలో బయటపడ్డాక, ఆ మెమరీని ప్రోగ్రాములకు కనపడకుండా వేరుచేసేందుకు లైనక్స్‌లో అందరికీ వచ్చిన పేజ్ టేబుల్ ఐసొలేషన్‌నే (పీటీఐ) తీసుకుందాం.

మెల్ట్‌డౌన్ సోకే పాత ఇంటెల్ సర్వర్ ఒకటి, వేరే పనేదీ నడవనిది కావాలి. ల్యాప్‌టాప్ వద్దు, వేడెక్కితే వేగం తగ్గించేసుకుంటుంది. ఏఎమ్‌డీకి ఈ లోపమే లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో వచ్చే వేగం కొలిచే టూల్ పీజీబెంచ్‌లో స్కేల్ 100 పెట్టి డేటా నింపండి, కోటి అకౌంట్లు వస్తాయి. షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ డేటాను ఉంచుకునే మెమరీ) 4 జీబీ చేయండి. డేటాను చదివే సెలెక్ట్ క్వెరీలే నడపండి. రాతలు కలిపితే డిస్క్ కోసం ఆగే సమయంలో అసలు తేడా మునిగిపోతుంది.

ఇక అందరూ పాడుచేసే దశ: రెండు టెస్టుల మధ్య మారేది ఒక్కటే అయి ఉండాలి.

పాత కెర్నల్‌తో ఓసారి, కొత్తదానితో ఓసారి నడిపి తేడా చెప్పేయకండి. వాటి మధ్య షెడ్యూలర్, డ్రైవర్లు కూడా మారి ఉంటాయి. కెర్నల్ ఒకటే ఉంచి, గ్రబ్‌లో (లైనక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రాము) బూట్ లైన్ చివర ‘నోపీటీఐ’ చేర్చి ఓసారి, తీసేసి ఓసారి బూట్ చేయండి. చాలామంది ‘మిటిగేషన్స్=ఆఫ్’ పెట్టమంటారు. అది స్పెక్టర్ అనే మరో ప్రాసెసర్ లోపానికి పెట్టిన రక్షణల్ని కూడా ఆపేస్తుంది. అప్పుడు ఏ ప్యాచ్ ఖరీదు ఎంతో తేలదు.

బూట్ అయిన ప్రతిసారీ సిస్ డైరెక్టరీలో సీపీయూ కింద ఉండే వల్నరబిలిటీస్‌లోకి వెళ్లి మెల్ట్‌డౌన్ ఫైల్ చదవండి. ‘మిటిగేషన్: పీటీఐ’ అని ఉంటే రక్షణ నడుస్తోంది. ‘వల్నరబుల్’ అంటే ఆగింది. ‘నాట్ అఫెక్టెడ్’ అని వస్తే ఆ మెషీన్ ఈ పనికి పనికిరాదు. వర్చువల్ మెషీన్ అయితే సీపీయూ ఫ్లాగుల్లో (ప్రాసెసర్ సదుపాయాల జాబితా) పీసీఐడీ ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే కెర్నల్‌లోకి వెళ్లివచ్చిన ప్రతిసారీ టీఎల్‌బీ (మెమరీ చిరునామాల క్యాష్) ఖాళీ అవుతుంది, నష్టం పెరుగుతుంది.

సీపీయూ వేగం తనంతట తాను మారకుండా దాని గవర్నర్ సెట్టింగ్‌ను పెర్ఫార్మెన్స్‌లో పెట్టి, టర్బో ఆపండి. బూట్ అయ్యాక క్యాష్ ఖాళీగా ఉంటుంది కాబట్టి మొదటి రౌండ్ అంకె పారేయండి. ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అని మార్చి మార్చి నడపండి. సగటు కాదు, మధ్య విలువే తీసుకోవాలి. రెండు ‘ఆన్’ రౌండ్ల మధ్యే 3 శాతం తేడా ఉంటే, ఆన్-ఆఫ్‌ల మధ్య వచ్చిన 3 శాతానికి అర్థం లేదు.

చిన్న క్వెరీలు సాకెట్ ద్వారా మాటిమాటికీ కెర్నల్‌లోకి వెళ్తాయి కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ. పెద్ద రిపోర్టులు ఎక్కువసేపు పోస్ట్‌గ్రెస్ లోపలే లెక్కలు చేసుకుంటాయి, వాటికి తక్కువ. అందుకే చివరగా మీ సొంత క్వెరీల్ని ఫైల్‌లో పెట్టి పీజీబెంచ్‌తోనే నడపండి. బాస్‌కు చెప్పాల్సింది ఆ అంకె.

పని అయ్యాక ‘నోపీటీఐ’ తీసేయండి. మెల్ట్‌డౌన్ ఫైల్‌లో మళ్లీ పీటీఐ కనిపించేదాకా ఆ సర్వర్‌ను ఎవరికీ అప్పగించకండి.