గోల్కొండ తోటలు చూడాలంటే ముందు నీటి జాడ పట్టాలి

గోదావరి జిల్లాల నుంచి హైదరాబాదు విహారయాత్రకు వెళ్లేవారిలో చాలామంది గోల్కొండలో చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటారు, రామదాసు బందిఖానా చూసి దణ్ణం పెట్టుకుంటారు, పైన నాలుగు ఫోటోలు తీసుకుని దిగివచ్చేస్తారు. కోటలోని నగీనా బాగ్ అనే పాత తోట దగ్గర ఆగేవారు తక్కువ. కడియపులంక నర్సరీలకు అలవాటు పడిన కంటికి అది ఉత్త పచ్చికబయలులా తోచడం సహజమే కనుక, అక్కడ పూల కోసం కాక నీటి జాడ కోసం వెతకాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన డెల్టా చేలకు నీరు కాలువల వెంట పల్లానికి తనంతట తానే పారి వస్తోంది. నీరు పల్లమెరుగునన్న సామెతను గోల్కొండలో తలకిందులు చేశారు. చక్రాలతో నీటిని అంచెలంచెలుగా పైతొట్లకు తోడి, అక్కడి నుంచి మట్టి గొట్టాల ద్వారా మహళ్లకూ తోటలకూ వదిలారు.

కాకినాడ నుంచి లింగంపల్లి వెళ్లే గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి బయలుదేరితే ఉదయానికి నగరంలో ఉంటారు. శుక్రవారం, గోల్కొండ నేలిన కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులకు సెలవు కాబట్టి ఆ రోజును తప్పించండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. కోట తలుపులు తీయగానే ఎండ ముదరకముందే మూడు వందలకు పైగా ఉన్న మెట్లెక్కి కొండ మీది దర్బారు మంటపమైన బారాదరి చేరుకుని, తిరిగి దిగేటప్పుడు మాత్రం తొందరపడకండి. గోడలు శిథిలమైన చోట ఒక గొట్టం మూతిలో మరొకటి దూర్చి, సున్నంతో అతికిన మట్టి గొట్టాల వరుస బయటపడి కనిపిస్తుంది. ఆ వరుస ఎటు వంగుతోందో చూసుకుంటూ దిగితే తోట అక్కడెందుకు వేశారో బోధపడుతుంది.

నగీనా బాగ్‌లో కోనసీమవారు తప్పక తలచుకోవలసిన విషయం ఒకటుంది. 1687లో లోపలివారి ద్రోహం వల్ల ద్వారం తెరుచుకుని ఔరంగజేబు సైన్యం చొరబడినప్పుడు, ఒళ్లంతా గాయాలతో పోరాడిన గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీని అతని గుర్రం ఈ తోటకే మోసుకొచ్చిందనీ, ఒక ముసలి కొబ్బరి చెట్టు ఆసరాతో అతడు కిందికి దిగి కూలబడ్డాడనీ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఇప్పుడక్కడ ఆ చెట్టు కోసం వెతకడం వృథా.

భోజనం ముగించుకుని దగ్గరలోనే ఉన్న సమాధుల తోటకు వెళ్లండి. నా మట్టుకు కోటకంటే ఇదే ఎక్కువ నచ్చింది. గుమ్మటాల కంటే ముందు మెట్ల బావులు చూడండి. పూడిక తీసి, కూలిన రాతికట్టును తిరిగి నిలబెట్టిన ఈ బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. ఇంకా పొద్దుంటే, కోటకు తర్వాత చేర్చిన భాగంగా 1656లో కట్టిన నయా ఖిల్లాలో సుమారు 27 మీటర్ల చుట్టుకొలత గల బావోబాబ్ అనే లావుపాటి మానున్న ఆఫ్రికా జాతి చెట్టు ఉంది. అది గోల్ఫ్ మైదానం పక్కన ఉండటంతో ప్రవేశ వేళలు వేరుగా ఉంటాయి. ఉదయం కోట దగ్గరే అడిగి తెలుసుకోండి.